ఇంట్లోనే మ్యూజిక్ సర్వర్: పాత క్యాసెట్ నుంచి హాల్లో స్పీకర్ దాకా

ఈసారి స్తోత్రమో, వ్రతకథో కాదండి, కాస్త స్క్రూడ్రైవర్ పని. మన ఇంట్లో ఉన్న పాటలన్నీ, అంటే సీడీలు, పెన్‌డ్రైవ్‌లు, అటకమీద డబ్బాలో మగ్గుతున్న క్యాసెట్లు, అన్నీ ఒకచోట చేర్చి, హాల్లోనో పూజగదిలోనో వంటింట్లోనో ఎవరికి కావాల్సింది వాళ్లు పెట్టుకునేలా చేసుకోవడం ఎలాగో చెప్తాను. దీన్నే మ్యూజిక్ సర్వర్ అంటారు. పేరు విని భయపడక్కర్లేదు. నా సెటప్‌కి పది వేల లోపే అయింది, అందులోనూ పెద్ద వాటా హార్డ్ డిస్క్‌ది. ఇంట్లో పాత లాప్‌టాప్ ఉంటే ఆ ఖర్చు కూడా ఉండదు.

"యాప్‌లో అన్నీ దొరుకుతున్నాయి కదా, ఇదంతా ఎందుకు?" అని మీరు అడుగుతారని తెలుసు. యాప్‌లు నేనూ వాడతాను, వాటితో నాకు గొడవేం లేదు. కానీ మూడు విషయాలు చూడండి. ఒకటి, డబ్బు కట్టకపోతే సహస్రనామం మధ్యలో పళ్లపొడి ప్రకటన వస్తుంది. రెండు, ఆ పాటలు మనవి కావు. కంపెనీకి, యాప్‌కి మధ్య ఒప్పందం అయిపోతే నిన్న ఉన్న ఆల్బమ్ ఇవాళ బూడిదరంగులోకి మారిపోతుంది, నొక్కినా పలకదు. మూడోది, నా దృష్టిలో అసలైనది. మీ ఇంట్లో మాత్రమే ఉన్న పాటలు ఏ యాప్‌లోనూ ఉండవు. నాన్నమ్మ పాడిన మంగళహారతి, అమ్మ పెళ్లికి ముందు ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో పాడిన కీర్తన, తాతగారి పురాణ ప్రవచనం. వీటికి ప్రపంచం మొత్తం మీద కాపీ ఒక్కటే, అది కూడా ప్లాస్టిక్ డబ్బాలో ఉన్న సన్నని టేపు మీద.

ముందు అసలు సర్వర్ అంటే ఏంటో చూద్దాం. ఇందులో మూడు పనులున్నాయి: పాటలు దాచడం, వాటి జాబితా ఉంచి అడిగినవాళ్లకి పంపడం, పంపింది మోగించడం. పెళ్లివారి వంటశాలతో పోల్చుకోండి. సామాన్ల గది ఒకటి, వంటవాళ్లు ఒకరు, వడ్డించేవాళ్లు ఒకరు. సామాన్ల గది మన హార్డ్ డిస్క్. వంటవాళ్లు సర్వర్ సాఫ్ట్‌వేర్. వడ్డించేది ప్లేయర్. చిన్న ఇంట్లో ఒక్క మనిషే మూడూ చేసినట్టు, ఒక్క చిన్న కంప్యూటరే ఈ మూడు పనులూ చేసేయగలదు. తర్వాత కావాలంటే వడ్డించేవాళ్లని పెంచుకోవచ్చు. ఇది అర్థమైతే మిగతాదంతా సులువే.

ఏం కొనాలి

రెండు దారులున్నాయి. ఇంట్లో పనిచేసే పాత లాప్‌టాప్ ఉందా? స్క్రీన్ పగిలినా, బ్యాటరీ పోయినా పర్లేదు, అదే వాడండి. లేకపోతే రాస్ప్‌బెర్రీ పై. ఇది ఏటీఎం కార్డంత బోర్డు మీద పూర్తి కంప్యూటర్. 2012లో ఇంగ్లండ్‌లో పిల్లలకి ప్రోగ్రామింగ్ నేర్పడం కోసం తెచ్చారు, ఇప్పుడు ఫ్యాక్టరీల్లోంచి ఇళ్ల దాకా అన్నిచోట్లా ఉంది. మన పనికి 2019లో వచ్చిన పై 4, అందులో 2 జీబీ మోడల్ చాలు. పాటలు పంపడం బరువైన పని కాదు, కాబట్టి పై 5 కోసం ఎక్కువ డబ్బు పెట్టడం అనవసరం అని నా అభిప్రాయం. పైగా పై 5కి హెడ్‌ఫోన్ జాక్ కూడా తీసేశారు. ఎవరి దగ్గరైనా పై 3 వాడకుండా పడి ఉంటే అది కూడా పనికొస్తుంది.

కరెంటు లెక్క కూడా చూద్దాం, ఎందుకంటే ఇది రోజంతా ఆన్‌లోనే ఉంటుంది. పై 4 సగటున 5 వాట్లు తీసుకుంటుంది అనుకుంటే ఏడాదికి 44 యూనిట్ల దగ్గర వస్తుంది. పాత లాప్‌టాప్ 15 వాట్లు తీసుకుంటే 131 యూనిట్లు. లాప్‌టాప్ ఉచితమే, కానీ బిల్లులో కొంచెం కొంచెంగా వసూలు చేసుకుంటుంది. అయినా మొదట దానితోనే ప్రయోగం చేసి, నచ్చితే తర్వాత పై కొనమంటాను.

పై కొనేటప్పుడు పిసినారితనం చూపించకూడని చోటు పవర్ అడాప్టర్. ఇంట్లో ఉన్న ఫోన్ చార్జర్ పెట్టేస్తుంటారు చాలామంది. పై 4కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. అది సరిగ్గా లేకపోతే హార్డ్ డిస్క్ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోవడం, పాట మధ్యలో తెగిపోవడం లాంటి వింత రోగాలొస్తాయి, కారణం మాత్రం పట్టుబడదు. కంపెనీవాళ్లు అమ్మే అడాప్టరే కొనుక్కోండి. దానికి 16 జీబీయో 32 జీబీయో మెమరీ కార్డు. పాటలకి యుఎస్‌బి హార్డ్ డిస్క్ గానీ ఎస్‌ఎస్‌డి గానీ. పై 4 యుఎస్‌బి పోర్టులన్నీ కలిపి ఇచ్చే కరెంటు 1.2 ఆంపియర్లే, కాబట్టి చేతిలో పట్టే చిన్న డిస్కులే తీసుకోండి. పెద్ద డెస్క్‌టాప్ డిస్క్ అయితే దానికి వేరే అడాప్టర్ ఉండాలి.

ఇక శబ్దం. పై 4 మీద హెడ్‌ఫోన్ జాక్ ఉంది గానీ అందులోంచి వచ్చే ధ్వని నాసిగా ఉంటుంది, వెనకాల సన్నగా బుస వినిపిస్తుంది. తంబురా శ్రుతి వినేవాళ్లకి అది ఇంకా బాగా తెలుస్తుంది. అందుకని డాక్ అనేది ఒకటి కావాలి, అంటే అంకెల రూపంలో ఉన్న పాటని స్పీకర్‌కి వెళ్లే సిగ్నల్‌గా మార్చే ముక్క. పై మీద టోపీలా కూర్చునే డాక్ బోర్డులుంటాయి. ఇంకా చవగ్గా కావాలంటే, జాక్ లేని ఫోన్లకి హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడానికి అమ్మే చిన్న యుఎస్‌బి డాంగిల్ చాలు. అయితే లోపల డాక్ ఉన్నదేనా అని చూసి కొనండి. కొన్ని ఉత్త తీగముక్కలే, అవి పనిచేయవు. స్పీకర్ల సంగతి మీ ఇష్టం. సొంతంగా కరెంటు తీసుకునే స్పీకర్లయితే మధ్యలో ఆంప్లిఫయర్ అక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్

మార్కెట్లో వోల్యూమియో, మూడ్, నావిడ్రోమ్, జెల్లీఫిన్ అని చాలా ఉన్నాయి. అన్నీ మంచివే. నేను వాడేది లిరియన్ మ్యూజిక్ సర్వర్. దీని కథ బాగుంటుంది. 2000ల మొదట్లో స్లిమ్ డివైసెస్ అనే చిన్న కంపెనీ నెట్‌వర్క్ ప్లేయర్లు చేసి, వాటికోసం స్లిమ్‌సర్వర్ అనే సాఫ్ట్‌వేర్ రాసింది. 2006లో లాజిటెక్ ఆ కంపెనీని కొంది. 2012లో ఆ ప్లేయర్ల తయారీ ఆపేసింది. మామూలుగా అయితే సాఫ్ట్‌వేర్ కూడా అక్కడితో అయిపోవాలి. కానీ దాని కోడ్ అందరికీ తెరిచి ఉంది కాబట్టి వాడేవాళ్లే దాన్ని మోసుకుంటూ వచ్చారు. 2024లో పేరు లిరియన్‌గా మారింది. కంపెనీ వదిలేసినా పన్నెండేళ్లు బతికి, ఇంకా బాగుపడిన సాఫ్ట్‌వేర్ ఇది. మన పాటలు పదిలంగా ఉండాలనుకునేవాళ్లకి ఇంతకంటే మంచి సర్టిఫికెట్ ఏముంటుంది!

దీన్ని పై మీద పెట్టడానికి పైకోర్‌ప్లేయర్ అనే రెడీమేడ్ మూట ఉంది, ఉచితం. దీంట్లో నాకు నచ్చిన గుణం ఒకటుంది. ఇది మొత్తం మెమరీలోకి ఎక్కి కూర్చుని అక్కడినుంచే నడుస్తుంది, కార్డు మీద ఊరికే రాస్తూ ఉండదు. కాబట్టి చెప్పా పెట్టకుండా కరెంటు పోయినా కార్డు పాడవడం చాలా అరుదు. ఎండాకాలం మన ఊళ్ల సంగతి తెలిసిందే కదా.

పని ఇలా సాగుతుంది. పైకోర్‌ప్లేయర్ ఇమేజ్ ఫైల్ దించుకుని, రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ప్రోగ్రామ్‌తో మెమరీ కార్డు మీదకి ఎక్కించండి. కార్డు పైలో పెట్టి, మొదటిసారి మాత్రం నెట్‌వర్క్ కేబుల్‌తో రౌటర్‌కి కలిపి, పవర్ ఇవ్వండి. ఒకటి రెండు నిమిషాలాగి మీ రౌటర్ పేజీలో కనెక్ట్ అయిన పరికరాల జాబితా చూస్తే కొత్త చిరునామా ఒకటి కనిపిస్తుంది, 192.168తో మొదలయ్యే అంకెలు. అది ఫోన్‌లోనో లాప్‌టాప్‌లోనో బ్రౌజర్‌లో కొడితే పైకోర్‌ప్లేయర్ పేజీ తెరుచుకుంటుంది. అక్కడ ముందుగా కార్డులోని ఖాళీ జాగా వాడుకునేలా సైజు పెంచాలి. తర్వాత స్క్వీజ్‌లైట్ అనే ట్యాబ్‌లో మీ డాక్‌ని ఎంచుకోవాలి. తర్వాత ఎల్ఎంఎస్ ట్యాబ్‌లోకి వెళ్లి సర్వర్ ఇన్‌స్టాల్ చేసి, హార్డ్ డిస్క్‌ని జతచేసి, స్టార్ట్ నొక్కాలి. ఇప్పుడు అదే చిరునామాకి చివర కోలన్ పెట్టి 9000 అని కొడితే సర్వర్ పలుకుతుంది. పాటల ఫోల్డర్ ఎక్కడుందో చూపించండి, అది చదువుకోవడం మొదలుపెడుతుంది. పాత లాప్‌టాప్ వాళ్లయితే లిరియన్‌ని విండోస్ మీద మామూలు ప్రోగ్రామ్‌లా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, ఇంకా తేలిక.

వీలైతే కేబుల్‌తోనే ఉంచండి. అపార్ట్‌మెంట్లలో పక్కింటివాళ్లవి, పైవాళ్లవి కలిపి ఇరవై వైఫైలు కొట్టుకుంటుంటాయి. సర్వర్ రౌటర్ పక్కనే ఒక మూల కూర్చుంటే సగం సమస్యలు రావు.

సీడీల సంగతి

సీడీలో శబ్దం సెకనుకి 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతని 16 బిట్లలో, రెండు చానెళ్లలో రాస్తారు. లెక్కేస్తే నిమిషానికి సుమారు పదిన్నర ఎంబీ. గంట సీడీకి 635 ఎంబీ దాకా. ఎఫ్ఎల్ఏసీ అనే ఫార్మాట్‌లో పెడితే ఒక్క బిట్టు కూడా పోకుండా ఇది సగానికి కొంచెం అటూ ఇటూ తగ్గుతుంది. ఎంపీ3 చిన్నదే, కానీ కొంత శబ్దాన్ని పారేసి చిన్నదవుతుంది, పారేసింది మళ్లీ రాదు. డిస్కులు చవకైన ఈ రోజుల్లో సీడీ నుంచి ఎంపీ3 చేయడం దండగ. అలాగే ఉన్న ఎంపీ3లని ఎఫ్ఎల్ఏసీలోకి మార్చడం కూడా దండగే. పలచబడిన మజ్జిగని పెద్ద గిన్నెలో పోస్తే పెరుగవదు. ఉన్నవాటిని ఉన్నట్టే ఉంచండి.

విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో సీడీ చదివించుకోండి. అందులో టెస్ట్ అండ్ కాపీ అని ఉంటుంది. ప్రతి పాటనీ రెండుసార్లు చదివి, రెండూ ఒకటేనా అని పోల్చి చెప్తుంది. గీతలు పడ్డ మన పాత సీడీలకి ఇది చాలా అవసరం.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. త్యాగరాజస్వామి కృతి ఎవరి సొత్తూ కాదు, కానీ దాన్ని ఒక విద్వాంసుడు పాడగా ఒక కంపెనీ చేసిన రికార్డింగ్‌కి హక్కులుంటాయి. మన కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. మీరు కొన్న సీడీ మీ ఇంట్లో వినడానికి సర్వర్‌లో పెట్టుకోవడం వేరు, దాన్ని లింక్ చేసి అందరికీ పంచడం వేరు. రెండోది చేయకండి.

క్యాసెట్లు: ఇక్కడ మాత్రం ఆలస్యం చేయొద్దు

సీడీలు వచ్చే ఏడాది చేసుకున్నా కొంపలేం మునిగిపోవు. క్యాసెట్ల సంగతి అలా కాదు. టేపు అంటే ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంత పొడి అంటించిన పూత. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత బలహీనమవుతుంది. మన కోస్తా ఊళ్లలో తేమకి తెల్ల బూజు పడుతుంది. దానికంటే ముందు పోయేవి క్యాసెట్ ప్లేయర్లే. బెల్టులు సాగిపోయి, బాగుచేసే మెకానిక్కులు కూడా తగ్గిపోయారు.

మా ఇంట్లో మొత్తం 41 క్యాసెట్లు దొరికాయి. అందులో కొన్నవి 30 పైన. వాటి గురించి బెంగ లేదు, అవే రికార్డింగులు బయట దొరుకుతాయి. మిగతావి ఇంట్లో చేసుకున్నవి. ఒకదాని మీద నీలం ఇంకుతో "వరలక్ష్మీ వ్రతం, అమ్మ" అని మాత్రమే ఉంది. పెట్టి చూస్తే మా నాన్నమ్మ గొంతు. ఆవిడ పోయేనాటికి నాకు నాలుగేళ్లు, ఆ గొంతు నాకు గుర్తే లేదు. హారతి పాట పాడుతోంది, వెనకాల కుక్కర్ విజిల్, ఎవరో చిన్నపిల్ల ఏడుపు, "గంట కొట్టరా" అని ఒక మగగొంతు. నాన్న విని, ఆ ఏడ్చేది మా చిన్నత్త అనీ, గంట కొట్టమన్నది తాతయ్య అనీ చెప్పారు. ఆ మాట చెప్పగలిగినవాళ్లు మా ఇంట్లో ఇంక ఇద్దరే ఉన్నారు. అందుకే చెప్తున్నాను, టేపు పాడవడం ఒక గడువైతే, అందులో ఉన్నది ఎవరో చెప్పగలిగే పెద్దవాళ్లు ఉండగానే పని పూర్తవడం ఇంకో గడువు.

పని మొదలుపెట్టే ముందు ప్రతి క్యాసెట్ పై అంచున వెనకవైపు ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు చూడండి. అవి ఇంకా ఉంటే విరిచేయండి. ఉన్నంతకాలం పొరపాటున రికార్డ్ బటన్ నొక్కితే నాన్నమ్మ పాట మీద మీ హాల్లో ఫ్యాన్ చప్పుడు ఎక్కుతుంది. విరిచేస్తే రికార్డ్ బటన్ దిగదు. తర్వాత క్యాసెట్ లోపల, టేపు వెనకాల చిన్న దూది ముక్కలాంటిది రాగిరేకు మీద ఉంటుంది. అది ఊడిపోతే శబ్దం మసకగా, వస్తూ పోతూ ఉంటుంది. స్క్రూలతో బిగించిన ఇంకో మంచి క్యాసెట్ డొక్కు తీసుకుని, టేపు చక్రాలు రెంటినీ అందులోకి మార్చేయొచ్చు. చేయి నెమ్మదిగా ఉన్నవాళ్లే చేయాలి. బూజు పట్టినవి మాత్రం ప్లేయర్‌లో పెట్టకండి, అది మిగతా క్యాసెట్లకి కూడా అంటుకుంటుంది. వాటిని పక్కన పెట్టి, తెలిసినవాళ్లకి చూపించండి.

ప్లేయర్ హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, చెవులు తుడుచుకునే దూదిపుల్లతో తుడవండి. గోధుమరంగు మురికి వస్తుంది. ఐదారు క్యాసెట్లకోసారి మళ్లీ తుడవాలి. ఏళ్ల తరబడి కదలని టేపుని వెంటనే ప్లే చేయకుండా ఒకసారి చివరిదాకా ముందుకి తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పితే పొరలు విడివడతాయి.

తర్వాత చాలామందికి తెలియని విషయం. హెడ్ పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది, హెడ్ టేపుకి ఏ కోణంలో ఆనాలో అది నిర్ణయిస్తుంది. మీ క్యాసెట్ రికార్డు చేసిన మెషీన్ కోణం, ఇప్పుడు మీరు వాడే మెషీన్ కోణం ఒకటే కావాలని లేదు. తేడా ఉంటే పాట దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. పాట మోగుతుండగా ఆ స్క్రూని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పుతూ, తాళాల చప్పుడు, "స" "శ" అక్షరాలు ఎక్కడ స్పష్టంగా వినిపిస్తే అక్కడ ఆపండి. కంప్యూటర్‌లో ఏ ఫిల్టరూ చేయలేని మేలు ఈ పావు తిప్పు చేస్తుంది.

ప్లేయర్ వెనక లైన్ అవుట్ ఉంటే అక్కడినుంచి, లేకపోతే హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి, చిన్న యుఎస్‌బి ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా లాప్‌టాప్‌కి కలపండి. ఆడాసిటీ ప్రోగ్రామ్‌లో 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకోండి. శబ్దం ఎంత గట్టిగా ఉన్నచోటైనా ముల్లు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. ఒక పక్క మొత్తం, మధ్యలో ఆపకుండా, ఒకే ఫైలుగా తీయండి. 60 క్యాసెట్ అయితే పక్కకి అరగంట. త్వరగా తీసే అడ్డదారి లేదు, ఎంత పాట ఉంటే అంతసేపూ మోగాల్సిందే. కూర తరుక్కుంటూ, బట్టలు మడత పెడుతూ చేసుకునే పని ఇది.

ఆ మొదటి ఫైలుని ముట్టుకోకుండా దాచేయండి. శబ్దం శుభ్రం చేయడం, ముక్కలు చేయడం అన్నీ దాని కాపీ మీదే. బుస తగ్గించే ఫిల్టర్‌ని చాలా కొద్దిగా వాడండి. ఎక్కువ వాడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది. కుక్కర్ విజిల్ మాత్రం నేను తీయలేదు. తీయనివ్వను కూడా.

పేర్లు, రాగాలు, స్పెల్లింగులు

సర్వర్ అందంగా ఉండాలంటే ప్రతి పాటకీ ట్యాగులు సరిగ్గా ఉండాలి. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఇంగ్లీష్ పాప్ పాటల లెక్కలో కట్టినవి: ఒక గాయకుడు, ఒక ఆల్బమ్, అంతే. మన కచేరీలో రాసింది త్యాగయ్య, పాడింది బాలమురళీకృష్ణ, వయొలిన్ ఇంకొకరు, మృదంగం ఇంకొకరు, రాగం ఒకటి, తాళం ఒకటి. దానికి తోడు ఇంగ్లీష్ స్పెల్లింగుల గోల. "టి" తర్వాత "హెచ్" పెడితే ఒక త్యాగరాజు, పెట్టకపోతే ఇంకో త్యాగరాజు, చివర "ర్" వస్తే మూడో త్యాగరాజు! సర్వర్ ముగ్గురినీ వేరే వేరే మనుషులనుకుంటుంది. నా సలహా ఏంటంటే ట్యాగులు తెలుగు లిపిలోనే పెట్టేయండి. లిరియన్ యూనికోడ్‌ని చక్కగా చూపిస్తుంది. కృతికర్తని కంపోజర్ అనే గడిలో, గాయకుణ్ణి ఆర్టిస్ట్ గడిలో పెట్టండి. రాగం, తాళం పాట పేరు చివర రాసేయండి. అప్పుడు వెతుకులాటలో "ఆరభి" అని కొడితే ఇంట్లో ఉన్న ఆరభులన్నీ వరసగా వస్తాయి. నలుగురు పాడిన ఒకే కృతిని పక్కపక్కన వినడం యాప్‌లో ఇంత సులువుగా నాకెప్పుడూ కుదరలేదు.

ట్యాగులకి మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అనే ఉచిత ప్రోగ్రామ్ బాగుంటుంది. కర్ణాటక సంగీతం వివరాలు అందులో కొంత బాగానే ఉన్నాయి, కారణం వింటే ఆశ్చర్యపోతారు: స్పెయిన్‌లో బార్సిలోనాలోని ఒక విశ్వవిద్యాలయం కాంప్‌మ్యూజిక్ అనే పరిశోధన కోసం మన ఆల్బమ్‌ల రాగతాళాలతో సహా అక్కడ నమోదు చేయించింది. తెలుగు భక్తి సీడీలు మాత్రం చాలావరకు మనమే చేత్తో రాసుకోవాలి.

ఇంటి క్యాసెట్లకి కామెంట్ అనే గడి ఉంటుంది కదా, అందులో ఎవరు, ఎక్కడ, ఏ సందర్భం, ఆ వివరం చెప్పింది ఎవరు అని రాయండి. తేదీ తెలియకపోతే "చిన్నత్త ఏడాది పిల్లగా ఉన్నప్పుడు" అని రాసినా చాలు, తర్వాత ఎవరో ఒకరు లెక్కగడతారు.

రోజువారీ వాడకం

లిరియన్‌లో ప్రతి ప్లేయర్‌కీ అలారం ఉంది. మా ఇంట్లో ఐదున్నరకి సుప్రభాతం దానంతటదే మొదలవుతుంది, చప్పుడు మెల్లగా పెరిగేలా పెట్టాను. ఆదివారం ఏడింటికి. ధనుర్మాసంలో తిరుప్పావై 30 పాశురాలకి 30 ఫైళ్లు పెట్టి, రోజుకొకటి మోగేలా చేసుకున్నాం. స్పీకర్ స్విచ్ రాత్రి ఆర్పేస్తే మాత్రం సర్వర్ పాడుతూనే ఉంటుంది, మీకు వినిపించదు.

1960ల రికార్డింగ్ పక్కన నిన్నమొన్నటి రికార్డింగ్ వస్తే చెవులు అదురుతాయి. దానికి రీప్లేగెయిన్ అని ఉంది. పాటల శబ్దస్థాయి ముందే కొలిచి ట్యాగులో రాసిపెడితే, మోగించేటప్పుడు సర్వర్ సర్దుతుంది. అసలు ఫైలు మారదు. ఒక పాట తోక మీద ఇంకో పాట తల కలిపే క్రాస్‌ఫేడ్ మాత్రం ఆపేయండి. మంగళం పూర్తికాకుండానే ఇంకోటి ఎత్తుకోవడం ఏం బాగుంటుంది?

అమ్మానాన్నల కోసం మూలపడ్డ పాత ఫోన్ ఒకటి తీసి, సర్వర్ పేజీని హోమ్ స్క్రీన్ మీద పెద్ద బొమ్మగా పెట్టేశాను. మెటీరియల్ స్కిన్ అనే ప్లగిన్ వేసుకుంటే ఫోన్‌లో శుభ్రంగా కనిపిస్తుంది. ఆ ఫోన్‌లో సిమ్ లేదు, వాట్సాప్ లేదు, పాటలు తప్ప ఇంకేం లేవు. అమ్మ రెండు రోజుల్లో నేర్చేసుకుంది. వంటింట్లో పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న బోర్డు ఇంకొకటి ప్లేయర్‌గా పెట్టి రెంటినీ జత చేశాం. హాల్లో, వంటింట్లో ఒకే పాట ఒకే క్షణంలో మోగుతుంది.

అమెరికాలో ఉన్న చెల్లి కూడా వినాలంటే? రౌటర్‌లో పోర్టులు తెరిచి సర్వర్‌ని ఇంటర్నెట్‌కి వదిలేయకండి. లిరియన్ ఇంటి గోడల మధ్య ఉండడానికి కట్టింది. టెయిల్‌స్కేల్ లాంటి సొంత విపిఎన్ పెట్టుకుంటే, మీరు అనుమతించిన ఫోన్లు మాత్రమే ప్రపంచంలో ఎక్కడినుంచైనా ఇంట్లో ఉన్నట్టే కలుస్తాయి. లాప్‌టాప్ వాడేవాళ్లు దానిమీదే నావిడ్రోమ్ కూడా పెట్టి, ఫోన్ యాప్‌లోంచి వినొచ్చు. బయటినుంచి వినడానికి అది బాగా నప్పుతుంది.

చివరగా కాపీలు. మా బాబాయి ఇంట్లో పెళ్లి వీడియోలు, పాటలు అన్నీ ఒకే డిస్కులో ఉండేవి, ఒక రోజు అది టిక్కు టిక్కుమని ఆగిపోయింది. డిస్కు అన్నాక ఏదో ఒకరోజు పోతుంది. పాటలు మూడు కాపీలుండాలి, అవి రెండు రకాల పరికరాల మీద ఉండాలి, ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. 24 బిట్ల లెక్కన గంట క్యాసెట్ ఒక జీబీ పైచిలుకు అవుతుంది, ఎఫ్ఎల్ఏసీలో పెడితే అందులో సగం. మా ఇంటి సొంత క్యాసెట్లన్నీ కలిపి ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లో పట్టేశాయి. ఒకటి సర్వర్‌లో, ఒకటి నా అల్మారాలో డిస్కులో, ఒకటి రాజమండ్రిలో అత్తయ్య దగ్గర పెన్‌డ్రైవ్‌లో. పెన్‌డ్రైవ్ ఊరికే పెట్టేస్తే ఏళ్ల తర్వాత అందులోదీ చెరిగిపోవచ్చు, అందుకని ఏటా సంక్రాంతికి వెళ్లినప్పుడు తెరిచి, రెండు మూడు పాటలు మోగించి చూసి, కొత్తవి ఎక్కించి ఇచ్చి వస్తాను. ఒరిజినల్ క్యాసెట్లు పారేయలేదు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో, స్పీకర్ల అయస్కాంతాలకి దూరంగా, నిలువుగా నిలబెట్టి ఉంచాను.